ఇంకా దించని బడి

నల్లబల్ల గాల్లో ఎగురుతూ రావడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. దాని మీద పంతులమ్మ రాసిన లెక్క ఇంకా అలాగే ఉంది. ఏడు, పక్కన కూడిక గుర్తు, ఎనిమిది. జవాబు రాసే లోపలే ఎవడో దాన్ని గుమ్మంలోంచి విసిరేశాడు. గింగిరాలు తిరుగుతూ వచ్చి పక్కనున్న తుక్కు యార్డు బురదలో బోర్లా పడింది.

దాని వెనకాల బెంచీలు వచ్చాయి. బెంచీల వెనకాల పిల్లలొచ్చారు, పలకలు గుండెలకి అదుముకుని. అందరికంటే వెనక పంతులమ్మ వచ్చింది, చేతిలో సుద్దముక్కతో, ఇంకా లెక్క చెబుతున్నట్టే నోరు తెరుచుకుని.

మేం కూతవేటు దూరంలో ఉన్నాం. ఉండి, చూస్తూ నిలబడ్డాం. పిరికివాళ్ళం అనుకోకండి. మా భుజాల మీద బాయిలరు డ్రమ్ము ఉంది.

మేం కలాసీలం. ఫ్యాక్టరీలో క్రేన్లు లేక కాదు, క్రేను పట్టని సందులు చాలా ఉంటాయి. అక్కడికి మా భుజాలు వెళతాయి. మా పనికి ఒక కట్టుబాటుంది. పాటగాడు ముందు నడుస్తాడు, బరువు ముట్టుకోడు. ఆయన ‘హైలెస్సా’ అంటే మేం ‘ఐలెస్సా’ అని అడుగేస్తాం. ఆయన ‘దించో’ అంటేనే దించుతాం. ఆ మాట పడకుండా ఒక్కడు భుజం తప్పించినా పక్కవాడి నడుం విరుగుతుంది. ఒకవేళ మధ్యలో ఎక్కడైనా బరువుని ఆనించాల్సి వస్తే, ‘దించో’ పడేదాకా ఎవరో ఒకరు దాని మీద చెయ్యి వేసే ఉండాలి. అందాకా గ్యాంగులో ఎవడూ ఇంకో బరువు జోలికి పోకూడదు. ఒకప్పుడు ఓ గ్యాంగు, పైవాళ్ళు తొందర పెడితే, ఒక బరువుని దిమ్మెల మీద ఆనించి ఇంకోదానికి పరిగెత్తింది. ఆనించింది జారింది. దాని కింద మా నాన్న ఉన్నాడు. అందుకని ఈ కట్టుబాటు విషయంలో నేను కోతలు కొయ్యను.

మిగతావాటిలో కోస్తాను. టౌన్‌షిప్‌లో నన్ను కోతల బాబాయ్ అంటారు. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమంటారు. సరే, తీసేయండి. మిగిలిన సగానికే మీ భుజాలు నొప్పెడతాయి.

మా పాటగాణ్ణి గొంతన్న అంటాం. ఆయన గొంతెత్తితే స్టేషన్లో ఆగిన రైలు తనకే చెప్పారనుకుని కదిలేది. ఆ రోజు నల్లబల్ల పడ్డం ఆయనా చూశాడు. ఒక్క అడుగుకి పాట తప్పింది. అంతే, మళ్ళీ అందుకున్నాడు. డ్రమ్ముని దాని చోటికి చేర్చి, ‘దించో’ అని, అప్పుడు వెనక్కి తిరిగి పరిగెత్తాడు. ఆయన వెనక మేమంతా.

వెళ్ళేసరికి కంట్రాక్టరు బడి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తుక్కు యార్డు కంట్రాక్టరు. ఫ్యాక్టరీలో పాడైపోయిన ఇనుమంతా ఆయన చేతికే పోతుంది.

“ఏంటండీ ఇది? పాఠం జరుగుతుంటే!” అంటోంది పంతులమ్మ.

“యార్డు పెంచుతున్నామమ్మా. వచ్చే ఇనుమంతా ఎక్కడ పొయ్యమంటారు, నా నెత్తి మీదా?”

“మరి పిల్లలు?”

“పెద్ద రోడ్డు అవతల ఇంకో బడుంది కదా.”

“ఆ లారీల రోడ్డు దాటాలంటే నాకే కాళ్ళు వణుకుతాయి.”

“అయితే దాటొద్దు. నా యార్డులోకి పంపండి. బోల్టులు ఏరుకుంటూ నీడపట్టున కూర్చుంటారు.” అని వంగి, పక్కనే ఉన్న నా మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు. బెండకాయ లేతదో ముదురో చూసినట్టు ఆ వేళ్ళు అటూ ఇటూ తిప్పాడు. “చూడండి, ఎంత సన్నగా ఉన్నాయో. సందుల్లోకి ఇట్టే పోతాయి.”

మనవరాల్ని మేం పిచ్చుక అంటాం. రెండో తరగతి. చెయ్యి లాక్కుని వాళ్ళమ్మ వెనక్కి పోయింది. వాళ్ళమ్మ అంటే నా కూతురు, క్యాంటీన్లో గిన్నెలు తోముతుంది, గొడవ విని చేతుల నురగతోనే పరిగెత్తుకొచ్చింది. అది ఎడం చేతిని వెనక్కి పెట్టుకుంది. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు.

ఈలోగా మేనేజరు జీపులో వచ్చాడు. దిగలేదు. జీపులోంచే మాట్లాడాడు.

“ఇన్నేళ్ళయింది కదా, ఏం సాధించింది మీ బడి? ఒక్క ఇంజనీరు వచ్చాడా? పోనీ ఒక్క డాక్టరు?”

జీపు ఇంజను ఆపకుండానే మళ్ళీ అన్నాడు.

“నేల కంపెనీది. ఈ రేకుల డబ్బా మీరే కట్టుకున్నామంటారు కాబట్టి నేను కాదనను. తీసుకుపోండి. రేపు పొద్దున్న షిఫ్టు మారేలోపు తీసుకుపోకపోతే గ్యాస్ కట్టర్‌తో కోసి తుక్కులో కలిపేస్తారు.”

కంట్రాక్టరు మనుషులు పగలబడి నవ్వారు. “తీసుకుపోండి బాబాయ్! జేబులో పట్టకపోతే సంచీ తెచ్చుకోండి!”

జీపు వెళ్ళిపోయింది. నాకప్పుడు నోరు పెగల్లేదు. లక్ష కోతలు కోసే నోరు, అవసరానికి మూసుకుపోయింది. మా బడి ఏం సాధించిందో అప్పుడు చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను.

మొదట మా బడి ఒక చెక్కపెట్టె. ఏ దేశం నుంచో ఓ మెషీను అందులో వచ్చింది. ఎంత పెట్టె అనుకున్నారు! ఈ మూల వాన పడుతుంటే ఆ మూల బట్టలు ఆరేసుకోవచ్చు. మెషీను తీసుకుని పెట్టెని పారేశారు. అప్పట్లో మా పిల్లలంతా తుక్కు యార్డులోనే పెరిగేవాళ్ళు. కాస్త నడక వస్తే చాలు, బుట్ట చేతికిచ్చి కూర్చోబెట్టేవాడు కంట్రాక్టరు, ఇప్పటివాడి తండ్రి. నా కూతురికి ఏడేళ్ళు. రేకుల దొంతర కిందికి బోల్టు దొర్లిపోతే తీద్దామని చెయ్యి పెట్టింది. దొంతర జారింది.

ఆ సాయంత్రం గొంతన్న ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆ పెట్టె దగ్గరికి వెళ్ళి నిలబడి ‘హైలెస్సా’ అన్నాడు. మేం ఎత్తాం. తెచ్చి యార్డు పక్కన వాడకుండా పడున్న సిమెంటు గచ్చు మీద పెట్టాం. అప్పటి మేనేజరు మంచివాడు కాదు గానీ మతిమరుపు మనిషి, ‘సరే ఉండనివ్వండి’ అని మర్చిపోయాడు. అదీ మొదటి బడి.

అందులోనూ ఓ తప్పు చేశాం. పెట్టెల మీద బాణం గుర్తు ఉంటుంది, పైవైపు ఇటు అని. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ బాణం చూసుకుని బతికిన కలాసీలం, ఆ రోజు కళ్ళు కనపడని కోపంలో బడిని తలకిందులుగా పెట్టేశాం. బాణం నేలలోకి చూపిస్తోంది. దారిన పోయే ఇంజనీర్లందరూ నవ్వారు. మళ్ళీ తిప్పి పెడదామంటే, అప్పుడే పాఠాలు చెప్పడానికి వచ్చిన ఈ పంతులమ్మ ఒప్పుకోలేదు. “ఉండనివ్వండి. పెద్దవాళ్ళు కూడా తప్పు చేస్తారని పిల్లలకి వేరే పాఠం చెప్పక్కర్లేదు” అంది.

ఆ పెట్టెని చెదలు తిన్నాయి. తినడానికి ముందు ఎక్కాలన్నీ నేర్చుకున్నాయి కాబోలు, చాలా పద్ధతిగా తిన్నాయి. అప్పుడు ఆదివారాల్లో కూర్చుని రెండో బడి కట్టాం. ఇనప పైపుల చట్రం, రేకుల కప్పు, సగం దాకా రేకుల గోడ. ఇక్కడో సంగతి. మాకు కట్టడం రాదు, ఎత్తడమే వచ్చు. అందుకని మా చేతులు మమ్మల్నడక్కుండా అలవాటు పని చేసేశాయి. చట్రం చుట్టూ మోత పైపులు దూర్చడానికి ఇనప కడియాలు వెల్డింగ్ పెట్టేశాయి. కాళ్ళు గచ్చులో పాతకుండా బోల్టులు బిగించేశాయి. చూడ్డానికొచ్చిన ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“బడికి ఎత్తే కడియాలెందుకయ్యా? ఎక్కడికైనా ఊరెళుతుందా?”

తల గోక్కున్నాం. కోసి పారేద్దామనుకుంటూనే బద్ధకించాం. పిల్లలు వాటికి సంచులు తగిలించుకునేవాళ్ళు.

యార్డు పక్కనే బడి కావడంతో మా పాటా వాళ్ళ పాఠమూ కలిసిపోయేవి. పంతులమ్మ కిటికీలోంచి తల పెట్టేది.

“గొంతన్నా, మీ కేకలకి నా పాఠం వినపడట్లేదు!”

“అమ్మా, నీ పాఠానికి నా గ్యాంగు అడుగు తప్పుతోంది!”

ఇద్దరూ నిజమే చెప్పారు. పిల్లలు మా అడుగు మీద ఎక్కాలు చెప్పేవాళ్ళు. మేం సేద తీరుతూ ఎక్కాలు వినేవాళ్ళం. నేను పలక పట్టుకున్న మనిషిని కాను. అయినా ఇవాళ నేను తుమ్మితే కూడా రెండో ఎక్కంలోనే తుమ్ముతాను.

ఇక సాధించిందంటారా. ఇంజనీరు రాలేదు, నిజం. ఒక నర్సమ్మ వచ్చింది, ఒక బస్సు డ్రైవరు వచ్చాడు, గేటు మీద అంటించిన నోటీసు చదివి వాచ్‌మన్‌తో పోట్లాడే ఆడవాళ్ళు వచ్చారు. అవన్నీ ఒక ఎత్తు. బడి వచ్చాక మా టౌన్‌షిప్‌లో పుట్టిన ఏ ఒక్క పిల్లకీ వేలు తెగలేదు. ఎవరి చేతులు చూసినా పది. రెండైదులు పది. మా బడి సాధించింది అదీ.

మేనేజరు గడువు పెట్టిన సాయంత్రం, షిఫ్టు దిగి, బెంచీలు మళ్ళీ లోపల వేసుకుని అందరం బడిలో కూర్చున్నాం. పెద్దవాళ్ళ మోకాళ్ళు గడ్డానికి తగిలే బెంచీలు. పంతులమ్మ నల్లబల్ల మీది బురద తుడిచి గోడకి ఆనించింది. నలుగురూ దాని వంకే చూస్తున్నారు, అందులో ఏదో రాసుందన్నట్టు.

ముందు నీరసం మామ నోరు తెరిచాడు. గ్యాంగులో అందరికంటే పాత భుజం ఆయనది. ఏది చెప్పినా ‘ఎందుకురా’ అనడం ఆయన ఉద్యోగం.

“ఎందుకురా ఇదంతా? కుళాయి కోసం కొట్లాడాం. ఓవర్‌టైం కోసం కొట్లాడాం. పెట్టె కోసం, రేకుల కోసం, సెలవు కోసం కొట్లాడాం. మళ్ళీ ఇదొకటా? నా వల్ల కాదు. ఇచ్చేయండి.”

“ఇచ్చేస్తే నీ మనవడు ఎక్కడికి పోతాడు మామా?” అన్నారెవరో.

“నేనెక్కడికి పోయాను? బతకలేదా?”

“దీన్ని బతుకంటారా, లేవమంటే రెండుసార్లు మూలుగుతావు!”

“మూలుగు నాది, నీకేం పోయింది!”

కాస్త నవ్వారు. నవ్వడానికి కూడా చాలా బలం కావాల్సొచ్చింది.

పంతులమ్మ అంది: “పైవాళ్ళకి అర్జీ పెడదామా?”

“రేపు పొద్దున్నకి కట్టర్ వస్తుందమ్మా. అర్జీ ఇంకా స్టాంపు నాకుతూ ఉంటుంది” అన్నాను నేను.

“పోనీ అందరం అడ్డంగా పడుకుందాం” అన్నాడు ఒకడు.

“పడుకుంటే నేను లేవను, నిద్రపోతాను” అన్నాడు నీరసం మామ.

అప్పుడు నా కూతురు లేచింది. సభల్లో అది ఎప్పుడూ మాట్లాడదు, తలుపు దగ్గర నిలబడుతుంది. వచ్చి పంతులమ్మ బల్ల మీద రెండు చేతులూ పెట్టింది.

“పిచ్చుక ఇంటికొచ్చి నాకు ఎక్కం నేర్పింది. వేళ్ళు పెట్టి చెప్పమ్మా అంది. రెండైదులు పది. నా చేతులకి రావట్లేదు. అమ్మా, నీకు లెక్క రాదు అని నవ్వింది. నేనూ నవ్వాను.” ఆగింది. “దానికి లెక్క సరిగ్గా రానివ్వండి. అంతే. నాకింక మాటలు రావు.”

గొంతన్న పైకి చూస్తున్నాడు. పిల్లలు మర్చిపోయిన సంచి ఒకటి చట్రం కడియానికి వేలాడుతోంది. లేచి వెళ్ళి దాన్ని తీసి బెంచీ మీద పెట్టాడు. ఆ కడియాన్ని పట్టుకుని ఊపి చూశాడు.

“తీసుకుపొమ్మన్నాడు కదా మేనేజరు” అన్నాడు. “తీసుకుపోదాం.”

“ఎక్కడికి?” అన్నాడు నీరసం మామ. “చుట్టూ కంపెనీ నేలే. గాల్లో పెడతావా?”

“ఆఫీసు ముందు పచ్చిక ఉందిగా.”

ఆ పచ్చిక గురించి చెప్పాలి. మా కుళాయిలకి రాని నీళ్ళన్నీ దానికే పోతాయి. దాని మీద కాకి కూడా అనుమతి తీసుకుని వాలుతుంది.

“నాకు నడుం నొప్పి” అన్నాడు నీరసం మామ.

“నీకు మధ్య కడియం ఇస్తాలే” అన్నాడు గొంతన్న. “అక్కడ బరువు తక్కువ.”

“అబద్ధం. అక్కడే ఎక్కువ. నాకు తెలీదా?” అని గొణుక్కుంటూ వెళ్ళి, ఇంట్లోంచి పానా తెచ్చుకుని, మొదటి బోల్టు ఆయనే విప్పాడు.

తెల్లారింది. షిఫ్టు మారే వేళ ఎంచుకున్నాం. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఇద్దరూ దొరుకుతారు. దిగేవాళ్ళ కళ్ళు మూతలు పడుతున్నాయి, ఎక్కేవాళ్ళ కళ్ళు ఇంకా తెరుచుకోలేదు. అలాగే వచ్చి కడియాల్లో పైపులు దూర్చి భుజం పెట్టారు. భుజాలు చాలని చోట ఆడవాళ్ళు చేరారు. పిల్లలు పలకలు పట్టుకుని పక్కన నిలబడ్డారు. గొంతన్న ముందుకెళ్ళి మా వైపు తిరిగాడు.

“హైలెస్సా!”

“ఐలెస్సా!”

బడి లేచింది. గచ్చు మీద దాని అడుగున ఉన్న చోటు మాత్రం తెల్లగా, దుమ్ము లేకుండా మిగిలింది. కట్టర్ వేసుకొచ్చిన కంట్రాక్టరు మనుషులు నోళ్ళు వెళ్ళబెట్టారు. మాకు దారివ్వడానికి మబ్బులు పక్కకి తప్పుకున్నాయి అంటే మీరు సగం తీసేస్తారు. సరే, ఒక్క మబ్బు తప్పుకుంది.

ఎంత బరువంటే, నడుస్తుంటే నా మెడలో నరం ఒకటి నాతో మాట్లాడ్డం మొదలుపెట్టింది. ‘దించవయ్యా’ అంటోంది. నా వెనక నీరసం మామ అదే మాట పైకే అంటున్నాడు, కానీ అడుగు మాత్రం తప్పట్లేదు. క్వార్టర్లు దాటాం. క్యాంటీన్ దాటాం. ఆఫీసు మలుపు తిరిగాం. అక్కడ పోలీసు వ్యాను అడ్డంగా ఉంది.

ఇన్‌స్పెక్టరు దిగాడు. పక్కన, కబురంపిన కంట్రాక్టరు.

“ఎవడ్రా ముందు?”

పాటగాడి చేతులు ఖాళీగా ఉంటాయని చెప్పాను కదా. గొంతన్న ఒక్కడే బరువు మీద చెయ్యి లేని మనిషి. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆయన రెక్కలు వెనక్కి విరిచి పట్టుకున్నారు. “హైలె...” అంటుంటే ఒకడు మెడ మీద కొట్టాడు. పాట తెగిపోయింది. వ్యాను తలుపు మూసుకుంది.

మేం ఆగిపోయాం. పాట లేదు కాబట్టి అడుగు లేదు. ‘దించో’ లేదు కాబట్టి దించడం లేదు. బడి మా భుజాల మీద, రోడ్డు మధ్యలో. ఎవరి చెమట ఎవరి కంట్లో పడుతోందో తెలీదు.

“దించండి!” అన్నాడు కంట్రాక్టరు. అతని వెనక కట్టర్ బండి వచ్చి ఆగింది. రోడ్డు మీద దించితే అక్కడే కోసేస్తారు. 

“దించమంటుంటే వినపడట్లేదా?”

“వినపడింది సార్. మీరు పాటగాడు కాదు” అన్నాడు నీరసం మామ.

“లాగండ్రా ఒక్కొక్కణ్ణీ!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కానిస్టేబుళ్ళు కప్పు కిందకి దూరారు. ఓ మూల కుర్రాణ్ణి పట్టి లాగారు. లాగారో లేదో ఆ మూల దిగిపోయింది, రేకులు మూలిగాయి, చట్రం మొత్తం వాళ్ళ నెత్తి మీదకి వాలింది. ఏం చేస్తారు? చేతులెత్తి పట్టుకున్నారు. టోపీలు కిందపడ్డాయి.

“సార్! వదిలితే చస్తాం సార్!”

“వదలకండి నాయనా” అన్నాడు నీరసం మామ. “భుజం ఇంకాస్త లోపలికి పెట్టండి. ఆ... అదీ. కొత్తలో నొప్పిగానే ఉంటుంది. పాతబడితే ఇంకా నొప్పిగా ఉంటుంది.”

నవ్వొచ్చింది గానీ నవ్వితే బరువు కదులుతుంది. నా కళ్ళ ముందు నల్లటి చుక్కలు. ఇంకాసేపట్లో ఎవడో ఒకడు పడతాడు. నేనే పడతానేమో అనుకున్నాను. పిచ్చుక నా పక్కనే నిలబడి నా మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టింది, అదేదో మోస్తున్నట్టు. నేను దాని వైపు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుంది.

అప్పుడు వినపడింది. సుద్దపొడికి గీరుకుపోయిన గొంతు. సన్నగా, వణుకుతూ.

“రెండొకట్ల...?”

మా ముందు, గొంతన్న నిలబడే చోట, పంతులమ్మ నిలబడి ఉంది. చేతిలో ఇంకా సుద్దముక్క. క్లాసులో అడిగినట్టే అడిగింది.

“రెండు!” అన్నారు పిల్లలు. అలవాటు.

“రెండు రెళ్ళు?”

ఈసారి మేమూ అన్నాం. ఎవరి నోట్లోంచి ముందొచ్చిందో తెలీదు. “నాలుగూ!” ఆ మాటతో పాటు అడుగు పడింది. అన్ని అడుగులూ ఒక్కసారే పడ్డాయి.

“రెండు మూళ్ళు?”

“ఆరూ!”

బడి కదిలింది. కానిస్టేబుళ్ళు దాని కింద ఉన్నారు, కదలక తప్పలేదు. ఒకడు మాతో పాటు ‘ఎనిమిదీ’ అన్నాడు, వాడికి ఎక్కం వచ్చన్నమాట. ఇన్‌స్పెక్టరు వ్యాను పక్కకి తియ్యమని అరిచాడు, తియ్యకపోతే తన మనుషులే వ్యానుకి గుద్దుకుంటారు.

“రెండైదులు?”

“పదీ!”

నా కూతురి గొంతు అందరి కంటే పైన వినపడింది.

పచ్చిక వచ్చింది. గేటు వెడల్పు చాలలేదు, కంచె మీంచి నడిచాం. ఎక్కం అయిపోతే పంతులమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి ‘రెండు పదులు ఇరవై’ దగ్గర ఆగి, క్లాసులో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు అరచేత్తో కిందికి చూపించింది. అందరం ఒక్కసారి వంగాం. బడి కాళ్ళు గడ్డికి ఆనాయి.

“లోపలికి రండి పిల్లలూ. తోసుకోకుండా” అంది.

‘దించో’ అనలేదు. ఆ మాట ఆమెది కాదు. ఆ మాట ఎవరిదో ఆయన వ్యానులో ఉన్నాడు.

చేతులు ఖాళీ అయ్యేసరికి మమ్మల్ని కూడా ఎక్కించుకుపోయారు. లాకప్పులో మమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టారు. గొంతన్నని మాకు కనపడనివ్వలేదు. భుజాలు నాలుగు రంగుల్లో వాచాయి. ఎవరికీ గర్వంగా ఏమీ లేదు, నిద్రొస్తోంది. నీరసం మామ గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని అన్నాడు.

“ఒరే కోతలోడా. అది దించినట్టా, ఆనించినట్టా?”

జవాబు అందరికీ తెలుసు.

మమ్మల్ని తొందరగానే వదిలారు. దయ కాదు. రైలు వ్యాగను మీద కొత్త మెషీను వచ్చి నిలబడింది. అది దిగితే గానీ లైను కదలదు. గొంతన్నని మాత్రం వదల్లేదు. మేం తిన్నగా పచ్చిక దగ్గరికి వెళ్ళాం. అక్కడ మోత పైపులు ఇంకా కడియాల్లోనే ఉన్నాయి. ఆడవాళ్ళు వంతులేసుకుని పైపు మీద చెయ్యి వేసి నిలబడుతున్నారు. కట్టర్ బండి వచ్చి చూసి వెళ్ళిందట. లోపల పిల్లలున్నారు, బయట ఆడవాళ్ళున్నారు, ఎక్కడ కొయ్యాలో వాళ్ళకి తోచలేదు. మా కట్టుబాటు వాళ్ళకెవరు చెప్పారని అడిగితే నా కూతురు నవ్వింది.

“పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాం నాన్నా. మాకు చెవుల్లేవా?”

మేనేజరు వచ్చాడు. ఈసారి జీపు దిగాడు.

“వ్యాగను ఖాళీ చెయ్యండి.”

“చెయ్యలేం సార్. ముందు బరువు ఇంకా దించలేదు” అన్నాను.

“దించలేదేంటి? నా పచ్చిక మీద నిలబడే ఉందిగా!”

“అది ఆనించడం సార్. దించడం వేరు.”

“తేడా ఏంటి?”

“మా నాన్న సార్.”

ఆయనకి అర్థం కాలేదు. గ్యాంగుకి అర్థమైంది.

పక్క షెడ్డు గ్యాంగుని పిలిపించాడు. వాళ్ళూ కలాసీలే. వచ్చి, కడియాల్లో పైపులు చూసి, వ్యాగను వైపు పోకుండా పైపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఇంకో గ్యాంగు వచ్చింది. అదీ అంతే. వ్యాగను వెనక వ్యాగన్లు నిలబడిపోయాయి. జీతం ఆగింది. కుళాయి ఆగింది. ఇళ్ళలో పొయ్యిలు ఒక పూటకి దిగాయి. రాత్రింబవళ్ళు పైపు మీద ఒక చెయ్యి. చేతులు మారాయి గానీ పైపు ఖాళీ లేదు. ఇదంతా పాటలా చెప్పొచ్చు, కానీ అక్కడున్నవాళ్ళకి పాట కాదు. ఆకలికి పిల్లలు ఎక్కం మధ్యలో నిద్రపోయేవాళ్ళు. పంతులమ్మ లేపేది కాదు, గొంతు తగ్గించి చెప్పేది.

చివరికి మేనేజరు దిగొచ్చాడు. “సరే. బడి ఇక్కడే ఉంటుంది. కుళాయి వదులుతాం. ఆ మాటేదో అనిపించుకోండి, లైను కదలాలి.”

గొంతన్నని వ్యానులో తెచ్చి పచ్చిక మీద దించారు. చూసి గుర్తు పట్టడానికి కాస్త టైం పట్టింది. చొక్కా వదులైపోయింది. మెడ మీద నల్లగా కమిలి ఉంది. మాట్లాడితే గొంతు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తోంది. అందరం పైపులకి భుజాలు పెట్టి నిలబడ్డాం, పద్ధతి ప్రకారం. ఆయన ముందుకొచ్చి మా వైపు తిరిగాడు. ఒక్క మాట. ఆ మాట అంటే ఇంటికెళ్ళి పడుకోవచ్చు. నేను ఆ మాట కోసం ఎంత ఎదురుచూశానో చెప్పలేను. నా భుజం నాకంటే ముందే కిందికి దిగడానికి సిద్ధంగా ఉంది.

ఆయన నోరు తెరిచాడు. తెరిచి, ఆగాడు.

నా కూతురు అటు చూపిస్తోంది, మూడు వేళ్ళ చేత్తో. మేం దారి చుట్టూ తిరిగి వచ్చాం గానీ, తుక్కు యార్డు పచ్చిక కంచెకి అవతలే. మా పాత బడి గచ్చు మీదిదాకా ఇనుము పోశారు. ఆ ఇనుము మధ్య పిల్లలు కూర్చుని ఉన్నారు, ఒళ్ళో బుట్టలతో. 

“ఆ పిల్లలెవరు?” అన్నాడు గొంతన్న.

“మీవాళ్ళు కాదులే” అన్నాడు కంట్రాక్టరు. “రోడ్డవతల గుడిసెల వాళ్ళు. నీకెందుకు? ఆ మాట అని పో.”

గొంతన్న మా వైపు చూశాడు. అడిగినట్టు చూశాడు. అది ఆయన ఒక్కడి నోటితో అనే మాటే, కానీ మోసేది మేం. అనొద్దంటే ఏమవుతుందో మాకు తెలుసు. మళ్ళీ ఆకలి, మళ్ళీ వ్యాను, మళ్ళీ పైపు. అందరం నీరసం మామ వంక చూశాం. ‘ఎందుకురా’ అని ఆయనంటే సరిపోతుంది. అనడం ఆయన ఉద్యోగం కదా.

ఆయన ఆ పిల్లల వైపు చాలాసేపు చూశాడు. నిట్టూర్చాడు.

“ఆ పెట్టె ఎత్తిన రోజు, వేళ్ళు పోయింది ఎవరి పిల్లకి అని అడిగామా మనం?”

“లేదు మామా” అన్నాను. నా పిల్లకే పోయింది. నన్నెవరూ అడగలేదు, భుజం పెట్టారు.

“మరి?” అన్నాడు. పైపు కిందనుంచి తల బయటికి తీసి, అటువైపుకి వెళ్ళి, రెండో భుజం పెట్టాడు. “నొప్పి ఎలాగూ ఉంది. ఈ భుజం మారుస్తాను. నువ్వు అనకు గొంతన్నా. వాళ్ళు కూడా లోపలికొచ్చాక అందువుగాని.”

ఒక్కొక్కరూ భుజం మార్చుకున్నారు. బట్టలు రాసుకున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

“వ్యానెక్కించండి వీణ్ణి!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఎక్కించారు. తలుపు మూస్తుండగా లోపల్నుంచి ఆ జల్లెడ గొంతు వచ్చింది. “హైలెస్సా.”

“ఐలెస్సా!” అన్నాం అందరం. పంతులమ్మ కూడా అంది.

కంచె అవతల్నుంచి ఇంకో గొంతు వచ్చింది, చిన్నది, ఒక అడుగు ఆలస్యంగా. తర్వాత ఇంకోటి. అడుగు కలవలేదు. నేర్చుకుంటారు. బడి ఉంది కదా.

అదీ మా బడి చరిత్ర, ఇవాళ్టి వరకూ. ఇంకా పచ్చిక మీదే ఉంది, ఇంకా ఆనించే ఉంది. ఇప్పుడు నా వంతు అయిపోయి ఇలా వచ్చాను. మీరు యువకులు, చదువుకునేవాళ్ళు, వేరే షెడ్లలో పనిచేసేవాళ్ళు, ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీలో ఎవరికైనా ఖాళీ భుజం ఉంటే రండి, మధ్య కడియం దగ్గర చోటుంది. నాది బాగా నొప్పెడుతోంది. ఇందులో సగం తీసెయ్యకండి, ఇది కోత కాదు.